అర్జునరావు చొక్కా

ఆ కిటికీ రెక్క మూసి ఇటు జరగండర్రా. సముద్రం హోరులో నా గొంతు సగమే వినబడుతుంది. ఈ కథ సగం వినడం కంటే అసలు వినకపోవడం మేలు. ఎందుకంటారా, చివర్న మీకే తెలుస్తుంది.

మన వీధి చివర ఇప్పుడు మేడ లేచిన చోట అప్పట్లో గంగాలమ్మ తాటాకు ఇల్లు ఉండేది. తనూ, కొడుకు నూకరాజూ. అవి స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. గాజువాక అవతల ఎటు చూసినా తవ్విపోసిన ఎర్రమట్టి, ఆ మట్టి మధ్య మెడలు సాచిన క్రేన్లు. పెద్ద గొట్టాలూ ఇనప దూలాలూ పైకి లేపడానికి కాంట్రాక్టర్లు మనుషుల్ని తీసుకుంటున్నారని మన పేటలో కూడా చెప్పుకునేవారు.

ఆ సాయంత్రం గంగాలమ్మ ఇంటి అరుగు మీద అర్జునరావు కాలు మీద కాలు వేసుకు కూర్చున్నాడు. అతను ఆమెకి అన్నకొడుకు. పోర్టులో ఖలాసీ పని దొరికి ఇంకా ఏడాది నిండలేదు. ఖలాసీ అంటే బరువులకి తాళ్ళేసి క్రేను కొక్కేనికి తగిలించేవాడు. అంతకు ముందు పూర్ణా మార్కెట్లో ఒక కిరాణా కొట్టులో పప్పులూ బెల్లమూ పొట్లాలు కట్టేవాడు. ఉద్యోగం వచ్చాక అతని నడక మారింది, మీసం మారింది. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో చెప్పే కథ అయితే చెప్పిన ప్రతిసారీ కాస్త మారుతూనే ఉంది.

"నా ముందు ఎల్లినోలందరూ పని వొచ్చు వొచ్చు అన్నోలేనత్తా. నానేటన్నానో తెలుసా? తల దించుకున్నాను. సేతులు కట్టుకున్నాను. 'తెల్దు బాబూ, సూపిత్తే సేత్తాను' అన్నాను. అంతే. ఆఫీసరు కలం కింద పెట్టీసినాడు. ఇలాటోడే కావాల నాకు అన్నాడు."

పోయిన వారం చెప్పినప్పుడు ఆఫీసరు నవ్వి ఊరుకున్నాడు. ఈ వారం కలం కింద పెట్టాడు. గంగాలమ్మకి అదేం పట్టలేదు. ఆమె గడపలో గొంతుక్కూర్చుని ఒక్కొక్కటే అడుగుతోంది.

"ఆ పొద్దు ఏటి తిన్నావు?"

"సద్దన్నం. ఉల్లిపాయ."

"మజ్జిగేసుకున్నావా?"

"గుర్తు లేదత్తా."

"గుర్తు తెచ్చుకో. బస్సులో ఎక్కడ కూకున్నావు?"

"డ్రైవరెనకాల సీట్లో."

"సొక్కా?"

అర్జునరావు సంచిలోంచి మడత పెట్టిన బూడిదరంగు టెర్లిన్ చొక్కా తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఇదే. ఉతికించి తెచ్చినాను. బావకి అచ్చొత్తాది."

నూకరాజు ఇద్దరికీ కాస్త ఎడంగా కూర్చుని దొరబాబు బోటు లంగరు తాడు అతుకు వేస్తున్నాడు. తెగిన రెండు కొసల్నీ విప్పి, ఒకదాని పురుల్లోకి రెండోదాని పురులు దూర్చి, ఒక్కొక్కటీ పాదంతో తొక్కిపట్టి లాగుతున్నాడు. అతుకు పడ్డచోట చెయ్యి పెట్టి నిమిరితే ఎక్కడ తెగిందో తెలియదు. అతనికి మాటలు తక్కువ. పిలిస్తే చేతులు ఆపకుండా తలెత్తి చూస్తాడు, అంతే.

ఇంతలో దొరబాబే వచ్చాడు, తాడు కోసం. అతుకు వేళ్ళతో నొక్కి చూసుకుని, తాడు భుజానేసుకుని అన్నాడు: "గంగాలమ్మా, ఆదోరం బోటు దిగుతాది. ఈడికి సోటుంచినాను. నీ నిర్ణయం ఏటో సెప్పీ."

"శుక్రోరం గాజువాక ఎల్తన్నాడు. అక్కడ పని దొరికీత్తే మరి రాడు."

"దొరక్కపోతే?"

గంగాలమ్మ చూపు చూరు వైపు పోయింది. అక్కడ తాటాకుల్లో వల అల్లే సూది ఒకటి గుచ్చి ఉంది, దానికి చుట్టిన నూలు అలాగే ఉంది. ఆ నూలు చుట్టిన ఆమె మొగుడు ఒక తుపాను ముందు తెప్ప మీద వెళ్ళాడు. తెప్ప దుంగ ఒకటి భీమిలి వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు.

"మరి ఆదోరం పొద్దున్న సూత్తాను," అన్నాడు దొరబాబు. "రాపోతే ఆ సోటు ఇంకోడికిచ్చీత్తాను. నన్ను ఏటీ అనకు."

శుక్రవారం తెల్లారగానే గంగాలమ్మ బురుజుపేట వెళ్ళి అమ్మవారికి పసుపు పూసి వచ్చింది. అర్జునరావూ వెళ్ళాడట మరి. వచ్చి కొడుక్కి చద్దన్నం, ఉల్లిపాయ పెట్టింది. మజ్జిగ దగ్గర మాత్రం ఆగింది. గిన్నె ఎత్తింది, దించింది. చివరికి సగం పోసింది.

చొక్కా దగ్గర గొడవైంది. అర్జునరావు సన్నగా ఉంటాడు. తెడ్డు వేసీ వేసీ నూకరాజు భుజాలు విచ్చుకున్నాయి. గుండీలు పెట్టాక చేతులు రెండూ శరీరానికి కాస్త దూరంగా పెట్టి, రెక్కలు తడిసిన కాకిలా నిలబడ్డాడు.

"అమ్మా, ఊపిరి ఆడతల్లేదు."

"ఒక్క పూటేరా నాయినా. ఓర్సుకో."

బస్సు ఎక్కితే డ్రైవరు వెనక సీట్లో ఎవరో సంచులు పెట్టుకుని కూర్చున్నాడు. అర్జునరావు వెళ్ళిన బస్సు వేరు, దిక్కు కూడా వేరు. సీటైనా అదే కావాలని గంగాలమ్మ ఆ మనిషిని బతిమాలింది. "బాబూ, నా కొడుకు ఈయేల ఇక్కడే కూకోవాల. పనికెల్తన్నాడు." ఆయన గొణుక్కుంటూ లేచాడు. కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "ఈ సీట్లో కూకుంటే పనిత్తారేటి? రోజంతా బస్సులో తిరగతన్నాను, అలగైతే నాను ఈపాటికి కలెక్టరైపోదును," అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. నూకరాజు కిటికీ బయటికి చూశాడు. గంగాలమ్మ నవ్వలేదు. దారంతా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. తెల్దు బాబూ, సూపిత్తే సేత్తాను. తెల్దు బాబూ, సూపిత్తే సేత్తాను.

కాంట్రాక్టరు గేటు లోపల ఎర్రమట్టిలో మగవాళ్ళు వరసగా నిలబడ్డారు. ఆడవాళ్ళని లోపలికి పోనివ్వలేదు. గంగాలమ్మ ఇనప తీగల కంచె పట్టుకుని బయట నిలబడింది. అక్కణ్ణించి మనుషులు కనబడతారు, మాటలు వినబడవు.

మనిషి పొడుగు గొట్టం ఒకటి రెండు దిమ్మల మీద పెట్టి ఉంది. దాని పక్కన ఖాకీ నిక్కరు వేసుకున్న ఒకాయన స్టూలు మీద కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, నల్లగా కాలిన మెడ. ఆయన పేరు గవర్రాజు. ఫోర్మన్. ఎలమంచిలి దగ్గర రైతుల ఇంటివాడే కానీ చిన్నప్పట్నించీ డ్యాముల దగ్గరా వంతెనల దగ్గరా ఈ పనిలోనే ముదిరాడు. ఒక్కొక్కణ్ణీ పిలిచి తాడు చేతికిచ్చి, గడ్డంతో గొట్టం వైపు చూపిస్తున్నాడు. తాడు వేసినవాళ్ళు కొందరు ఎడమ వైపుకి, కొందరు కుడి వైపుకి వెళుతున్నారు. ఏ వైపు మంచిదో గంగాలమ్మకి తెలియలేదు.

నూకరాజు వంతు వచ్చింది. గవర్రాజు తాడు విసిరాడు. అది చేతిలో పడీ పడకముందే నూకరాజు వంగాడు. తాడు గొట్టం కింద నుంచి వచ్చింది, చుట్టూ తిరిగింది, మళ్ళీ తిరిగింది. కొస దాని కిందే దూరింది. మోకాలు గొట్టానికి ఆనించి ఒక్క లాగు లాగాడు. ముడి గొట్టాన్ని కరుచుకుని కూర్చుంది. చూస్తున్న గంగాలమ్మ వేళ్ళు కూడా కంచె తీగని అలాగే బిగించి పట్టుకున్నాయి. అయ్యో, మర్చిపోయాడా. అదికాదురా. మాట, మాట చెప్పాలి ముందు.

ఆమె మనసులో అనుకున్నది అతనికి వినబడ్డట్టే నూకరాజు చేతులు ఆగిపోయాయి. ఒకసారి కంచె వైపు చూశాడు. తరవాత ముడి వదులు చేశాడు. చుట్టు విప్పాడు, రెండో చుట్టూ విప్పాడు. తాడు మడిచి స్టూలు పక్కన పెట్టాడు. తల దించుకున్నాడు, చేతులు కట్టుకున్నాడు. పెదాలు కదిలాయి.

గంగాలమ్మ కళ్ళు మూసుకుని కొంగు కళ్ళకద్దుకుంది. అనేశాడు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా అనేశాడు.

కళ్ళు తెరిచేసరికి గవర్రాజు ఆమె కొడుకు మొహం వైపు చూడటం లేదు. కింద పెట్టిన తాడు వైపు చూస్తున్నాడు. అలా కాసేపు చూసి, చేత్తో కుడి వైపుకి చూపించాడు. మధ్యాహ్నం కుడి వైపు వాళ్ళందర్నీ పని లేదని గేటు దాటించేశారు.

ఇంటికొచ్చాక గంగాలమ్మ పొయ్యి వెలిగించలేదు.

"సరిగ్గా అన్నావా?"

"అన్నాను."

"తల దించుకున్నావా?"

"దించుకున్నాను. సేతులూ కట్టుకున్నాను. సంకలో పిగిలిపోనాది సూడు." నూకరాజు చెయ్యి ఎత్తి చూపించాడు. చొక్కా కుట్టు బెత్తెడు విడిపోయింది.

"మరేటి తప్పిపోనాది?" ఆమె గోడకి చేరబడి లెక్కపెట్టుకోసాగింది. పసుపు పూసింది. చద్దన్నం పెట్టింది. సీటు దొరికింది. "మజ్జిగేమో. ఆడు వేసుకునుండడు. నాను సగం పోసీసినాను."

నూకరాజు చొక్కా విప్పి తాటాకు గోడకి తగిలించాడు. గోడ వైపు తిరిగే అన్నాడు: "అమ్మా. అది నాన్న నేర్పిన ముడి."

బయటికెళ్ళి ఇసకలో కూర్చున్నాడు. గంగాలమ్మ లెక్కపెట్టడం మానేసింది. కొడుకు ముడి విప్పుతున్నప్పుడు ఆ చేతులు ఎలా ఉన్నాయో ఇప్పుడు కనబడిందామెకి. వలలో చిక్కిన చేపని తీసి మళ్ళీ నీళ్ళలో వదిలేస్తున్నవాడి చేతుల్లా ఉన్నాయి.

శనివారం ఆమె హార్బరులో ఎత్తుకున్న చేపలు రోజూలా పేటలో అమ్మలేదు. గంప నెత్తిన పెట్టుకుని గాజువాక బస్సెక్కింది. బస్సులో వాసన అని తిట్టారు, పడింది. కాంట్రాక్టరు గేటు ఎదురుగా గంప దించి కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళు బేరమాడితే వంకర సమాధానాలు చెప్పింది. చేపలు ఎండకి వాడిపోతున్నాయి. అన్నం వేళకి గవర్రాజు బయటికి వచ్చి బడ్డీ దగ్గర బీడీ ముట్టించాడు. ఆమె లేచి ఎదురెళ్ళింది.

"బాబూ, నిన్న వొచ్చినాడు, నా కొడుకు."

"నిన్న సాలామంది వొచ్చినారమ్మా."

"బూడిదరంగు సొక్కా. ఇరుగ్గా."

ఆయన పొగ వదిలి ఆమెని కిందినుంచి పైదాకా చూశాడు. "ముడేసి ఇప్పీసినోడా?"

"ఆడే బాబూ."

"ఆడికి పని తెలుసు. తాడు పట్టుకున్నప్పుడే తెలిసిపోనాది నాకు."

గంగాలమ్మ ఒక అడుగు ముందుకేసింది. "తెలిసీ ఎల్లిపొమ్మన్నారేటి మరి?"

గవర్రాజు బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. దూరంగా క్రేను వైపు చెయ్యి చూపించాడు. "అదిగో. రేపు ఆడు ఆ పైన ఉంటాడు. నాను కింద ఉంటాను. ముడి బిగిసినాదేట్రా అని అడుగుతాను. ఆడు బిగిసినాదంటే నాను సెయ్యూపుతాను, క్రేను లేపుతాది. ఆ బరువు కింద మనుసులు తిరగతంటారు. ముడి సూడ్డానికి నాను ఎక్కను కదా. ఆడి మాటే నాకు కన్ను. తెలిసిందాన్ని తెల్దన్నోడి మాట పట్టుకుని నాను సెయ్యెలా ఊపీది?"

"ఆడు అబద్దాలకోరు కాడు బాబూ. నానే అలగనమన్నాను. పోర్టులో మా అన్నకొడుక్కి ఆ మాటకే పనొచ్చినాది."

"ఆ గుంటడు ముందేటి సేసీవోడు?"

"కిరాణా కొట్లో పొట్లాలు కట్టీవోడు."

గవర్రాజు నవ్వలేదు. "మరింకేటి. ఆడికి నిజంగానే తెల్దు," అన్నాడు.

చొక్కా, సీటు, మజ్జిగ, తల, చేతులు, అన్నీ అడిగింది కానీ నీకా పని ముందే తెలుసా అన్న ఈ ఒక్కటీ ఆమె అర్జునరావుని అడగలేదు. అడగాలని తోచలేదు. అతనూ చెప్పలేదు.

"నిన్న తీసుకున్నోల్లో ఇద్దరు పైకెక్కి కల్లు తిరిగి దిగిపోనారు," అన్నాడు గవర్రాజు పోతూ పోతూ. "రేపు పొద్దున్నే తీసుకురా. మాకు ఆదోరం లేదు. పనిత్తానని మాత్రం అనను."

ఆదివారం. అదే పొద్దున్న దొరబాబు బోటు.

ఆ సాయంత్రం ఆమె రెండు చోట్లకీ మనసులోనే పదిసార్లు తిరిగింది. గేటు దగ్గరికి వెళితే బోటులో చోటు పోతుంది. అక్కడా లేదంటే ఇక ఏదీ లేదు. బోటుకి పంపితే చోటు ఖాయం, చూరులో సూది కూడా ఖాయం. గవర్రాజు అన్నదంతా కొడుకుతో చెప్పింది. అతను విని, "దొరబాబుకి నాను సెప్పొత్తాను," అని లేచి వెళ్ళాడు. తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని పడుకున్నాడు.

పొద్దున్నే వాళ్ళు బస్సుకి నడుస్తుంటే బోటు ఇంజను చప్పుడు వినబడింది. నూకరాజు తన సొంత చొక్కా వేసుకున్నాడు. వెలిసిపోయింది, మోచేతి దగ్గర మాసిక ఉంది. బస్సులో ఎక్కడ చోటుంటే అక్కడ నిలబడ్డారు. గంగాలమ్మకి మాత్రం ఊరికే ఉండడం చేతకాలేదు.

"ఏటి అడిగినా తెలుసనే సెప్పు. ఇన్నావా? ఏదడిగినా తెలుసు, సేసినాను, అంతే."

నూకరాజు పైన కడ్డీ పట్టుకుని ఊగుతున్నాడు. "తెలిత్తే అంటాను," అన్నాడు.

మళ్ళీ అదే కంచె. అవే తీగలు. ఈసారి లోపల వరస లేదు, నూకరాజు ఒక్కడే. గవర్రాజు తాడు ఇవ్వలేదు. షెడ్డులోంచి ఇనప తీగలు మెలేసిన తాడు ముక్క తెచ్చి అతని ముందు పడేశాడు. వైరు రోపు అంటారు దాన్ని. కొస పట్టుకుని గుండ్రంగా వంచి చూపించాడు, కొసన ఇలా ఉచ్చులాంటి కన్ను కట్టి అతుకు వెయ్యమని కాబోలు.

నూకరాజు గొంతుక్కూర్చున్నాడు. వైరు రోపు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. కొస విప్పబోయాడు. తీగ విదిలించుకుని వెనక్కి కొట్టింది, వేలు గీరుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, మళ్ళీ పట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. తాడు పురి అయితే వేలు చెప్పినట్టు వింటుంది. ఇది వినడం లేదు. కంచె అవతల గంగాలమ్మ తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది, చూస్తాడేమోనని. అనకు. అనకు. తెలుసను.

అతను కంచె వైపు చూడలేదు. వైరు రోపు నేల మీద పెట్టాడు. లేచి నిలబడ్డాడు. తల దించుకోలేదు. చేతులు కట్టుకోలేదు. గవర్రాజు కళ్ళలోకి చూశాడు. పెదాలు కదిలాయి.

ఆ పెదాల కదలిక ఆమెకి తెలుసు. పోయిన వారమంతా ఆ మాట ఆమె నోట్లోనే నానింది. మాట వినబడక్కర్లేదు. ఆమె అదే మాటని అతని నోట పెట్టింది, అదే మాట శుక్రవారం అతన్ని గేటు దాటించింది, మళ్ళీ అదే మాట. కంచె పట్టుకునే కిందికి జారి కూర్చుంది. దొరబాబు బోటు ఈపాటికి డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి ఉంటుంది.

ఎంతసేపు కూర్చుందో. లేచి చూసేసరికి స్టూలు ఖాళీగా ఉంది. ఆమె గేటు వైపు చూసింది, కొడుకు వస్తున్నాడేమోనని. రావడం లేదు. షెడ్డు నీడలోకి చూసింది. అక్కడ గవర్రాజు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వైరు రోపు కొస ఆయన మోకాలి కింద ఉంది. ఇనప మేకు లాంటిది ఒకటి తీగల మధ్య గుచ్చి, సందు చేసి, ఒక పురి అందులోంచి లాగుతున్నాడు. ఆయన పక్కనే, తల ఆనేంత దగ్గరగా, నూకరాజు వంగి ఉన్నాడు. గవర్రాజు ఒక పురి లాగి ఆగాడు. మేకు అతని చేతిలో పెట్టాడు.

రెండో పురి నూకరాజు లాగాడు.

పని దొరికిందని పేటంతా తెలియడానికి పూట పట్టలేదు. చెప్పింది అర్జునరావే. "నా మాటే అన్నాడు మా బావ. సూపిత్తే సేత్తాను అన్నాడు. పెద్ద ఫోర్మనే కింద కూకుండి నేర్పినాడు." చెప్పే కొద్దీ అతని మీసం పైకి లేచింది. శుక్రవారం ఊసు అతను ఎత్తలేదు.

రెండో రోజే పక్కింటి చిట్టమ్మ వచ్చి గంగాలమ్మ గడపలో కూలబడింది. చిట్టమ్మ కొడుకూ మన నూకరాజు ఈడువాడే, చిన్నప్పట్నించీ వల లాగినవాడే.

"ఒలే గంగాలమ్మా, ఆ సొక్కా ఒక్కపాలి ఇయ్యవే. మా గుంటడూ ఎల్తానంతన్నాడు. ఆ మాట కూడా వల్లె వేయిత్తన్నాను. తెల్దు బాబూ, సూపిత్తే సేత్తాను. ఇంతేనా, ఇంకేటైనా ఉందేటి?"

గంగాలమ్మ చాట పక్కన పెట్టింది. "కూకో, సెప్తాను," అంది. "ఆ సొక్కాకి పనివ్వలేదే. శుక్రోరం ఏటైనాదంటే..." అని మొదట్నించీ మొదలుపెట్టింది. పసుపు, సద్దన్నం, సీటు, గొట్టం, ముడి. చిట్టమ్మ తల ఊపుతూనే ఉంది. కొడుకు ముడి విప్పేచోటికి వచ్చేసరికి లేచింది.

"పొయ్యి మీద అన్నం ఉందే. మాడిపోతాది. మిగిలింది మల్లీ ఇంటాను."

వెళ్ళేటప్పుడు గోడకి తగిలించిన చొక్కా తీసుకుని మడత పెట్టుకుంది. సంకలో పిగిలినచోట వేలు దూరింది. "ఇది కుట్టించుకుంటానులే," అంది.

ఇదర్రా కథ. మీరెవరూ మధ్యలో లేవలేదు, అది చాలు నాకు. రేపు మీ పిల్లలకి చెప్పండి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పండి. కానీ చెబితే శుక్రవారం నుంచి చెప్పండి. శుక్రవారం వదిలేసి ఆదివారం ఒక్కటే చెప్పారంటే, ఎవరో ఒక తల్లి మళ్ళీ ఆ చొక్కా అడుక్కుని పట్టుకుపోతుంది.